సంతా వారిదే, ఆశీలూ వారిదే

గూగుల్, యాపిల్, అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్. ఈ ఐదు అమెరికన్ కంపెనీలను కలిపి ‘బిగ్ టెక్’ అంటారు. వయసులో పెద్దది 1975లో మొదలైన మైక్రోసాఫ్ట్. అన్నిటికన్నా చిన్నది 2004లో ఫేస్‌బుక్ పేరుతో పుట్టిన మెటా. 2018 ఆగస్టులో యాపిల్ మార్కెట్ విలువ లక్ష కోట్ల డాలర్లు దాటినప్పుడు అది ప్రపంచమంతా చెప్పుకున్న వార్త. ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా మిగిలిన నాలుగూ ఆ గీత దాటేశాయి. ఈ ఐదింటిలో లేని, కృత్రిమ మేధకు కావలసిన చిప్‌లు తయారుచేసే ఎన్విడియా 2025 అక్టోబరులో ఏకంగా 5 లక్షల కోట్ల డాలర్లకు చేరింది.

డబ్బు ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. చమురు కంపెనీలకూ బ్యాంకులకూ డబ్బుంది. ఈ కంపెనీల తీరు వేరు. వార్త తెలియాలన్నా, చుట్టాలతో మాట్లాడాలన్నా, చీర కొనాలన్నా, నేసిన చీర అమ్మాలన్నా, ఆస్పత్రికి దారి కావాలన్నా వాటి వాకిట్లోంచే వెళ్లాలి. కొనేవారికీ అమ్మేవారికీ నడుమ, రాసేవారికీ చదివేవారికీ నడుమ అవి నిలబడ్డాయి. వాటి బలమంతా ఆ నిలబడిన చోటులో ఉంది.

గుత్త అంటే ఏమిటి?

పోటీ లేని పెత్తనానికి తెలుగులో గుత్తాధిపత్యం అని పేరు. ఒక వ్యాపారం మీదో, ఒక వసూలు మీదో ఒక్కరికే దక్కే హక్కును గుత్త అంటారు. వారపు సంతలో ఆశీలు దానికి ఇప్పటికీ కళ్లెదుట కనిపించే ఉదాహరణ. తెలంగాణలో దీన్నే తైబజారు అంటారు. ఏటా ఆ హక్కుకు వేలం జరుగుతుంది. పాట దక్కించుకున్న గుత్తేదారు మనిషి తెల్లవారుతూనే సంతలో తిరుగుతూ కూరగాయల గంపకు ఇంత, మేకకు ఇంత, బట్టల దుకాణానికి ఇంత అని చీటీ చింపి చేతిలో పెడతాడు.

ఈ ఏర్పాటులో గుత్తేదారుకు మూడు కట్లు ఉన్నాయి. ఎంత వసూలు చేయాలో నిర్ణయించేది పంచాయతీ, అతను కాదు. అతని హక్కు ఏడాదితో ముగుస్తుంది, తర్వాత మళ్లీ వేలం. పైగా అతని పని వసూలు చేయడమే. పక్కనే తన వంకాయలు కుప్పపోసి, మిగతా రైతుల గంపలను వెనక్కి జరపడానికి వీల్లేదు. రేటుకు మించి అడిగితే నిలదీయడానికి ఊళ్లోనే పంచాయతీ ఆఫీసు ఉంటుంది.

పెద్ద టెక్నాలజీ కంపెనీలు నడిపే డిజిటల్ సంతలో ఈ మూడు కట్లూ లేవు. సంత స్థలం కంపెనీది. రేటు పెట్టేది కంపెనీ. గడువు లేదు. అదే సంతలో మొదటి వరసలో కంపెనీ సొంత సరుకూ ఉంటుంది. ఇంకో విశేషం కూడా ఉంది. సంతకు వచ్చిన ప్రతి మనిషీ ఏ అంగడి ముందు ఎంతసేపు ఆగాడో, ఏది బేరమాడి వదిలేశాడో ఈ గుత్తేదారుకు తెలుస్తుంది. గత పాతికేళ్లుగా ప్రపంచ దేశాలు ఈ కంపెనీలపై నడుపుతున్న కేసుల్లో ఎక్కువ భాగం చుట్టూ తిరిగి ఈ కట్ల దగ్గరికే వస్తాయి.

పెట్టె విప్పగానే

బస్టాండు పక్క మొబైల్ షాపులో కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నవారికి ఆ తంతు తెలిసిందే. షాపు కుర్రాడు పెట్టె విప్పి, సిమ్ వేసి, స్క్రీన్ గార్డు అంటిస్తూనే వరసగా వచ్చే పేజీలన్నిటి కింద ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తాడు. జీమెయిల్ ఖాతా లేకపోతే తనే ఒకటి తెరిచి, పాస్‌వర్డు కాగితం ముక్క మీద రాసిస్తాడు. ఫోన్ చేతికి వచ్చేసరికి తెర మీద గూగుల్ సెర్చ్ పెట్టె ఉంటుంది. క్రోమ్, యూట్యూబ్, మ్యాప్స్, ప్లే స్టోర్ అన్నీ కొలువుదీరి ఉంటాయి. కొన్నవారు ఎంచుకున్నది ఫోన్ ఒక్కటే. మిగతా ఎంపికలన్నీ వారి తరఫున ఎప్పుడో జరిగిపోయాయి.

ఇలా ముందుగానే అమర్చి ఉన్నదాన్ని డిఫాల్ట్ అంటారు. దాన్ని మార్చుకునే వీలుంటుంది, కానీ మార్చుకునేవారు బహు తక్కువ. ఆ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. గూగుల్ 2005లో ఆండ్రాయిడ్ అనే చిన్న సంస్థను కొని, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఫోన్ల తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. ప్లే స్టోర్ కావాలంటే మాత్రం మిగతా గూగుల్ యాప్‌లనూ కట్టగట్టి తీసుకోవాలని ఒప్పందం రాయించుకుంది. భారతదేశంలో నూటికి తొంభైకి పైగా స్మార్ట్‌ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కాబట్టి ఆ షరతు దాదాపు దేశమంతటికీ వర్తించింది.

2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ, ఈ షరతులు పోటీని అణచివేస్తున్నాయని తేల్చి గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జరిమానాపై స్టే కోసం గూగుల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా దొరకలేదు. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను పక్కనపెట్టి, జరిమానాను మాత్రం ఖాయం చేసింది.

డిఫాల్ట్ విలువ ఎంతో అమెరికాలో జరిగిన కేసులో బయటపడింది. ఇతర కంపెనీల ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్ ముందుగా కనబడేలా ఉంచడానికి గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. 2022లో ఒక్క యాపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. సెర్చ్ వ్యాపారంలో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న తీర్పు చెప్పారు. సరుకు బాగుందని జనం వస్తారన్న నమ్మకం ఒక్కటే సరిపోతే, వాకిట్లో నిలబడే హక్కుకు అంత సొమ్ము పోయనక్కర్లేదు.

నలుగురూ ఉన్నచోటికే

టెలిఫోన్ ఊళ్లో ఒక్కరికే ఉంటే దానితో పని లేదు. పదిమందికి ఉంటే కొంత, ఊరందరికీ ఉంటే ఎంతో ఉపయోగం. వాడేవారు పెరిగేకొద్దీ విలువ పెరిగే ఈ గుణాన్ని నెట్‌వర్క్ ప్రభావం అంటారు. వాట్సాప్ బలం ఇదే. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అందులో పనిచేసేవారు 55 మంది. అంతకు రెండేళ్ల ముందు ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఉన్నది 13 మంది. కొన్నది యంత్రాలనో భవనాలనో కాదు, రేపు తనకు పోటీ కాగల జనసమూహాలను.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ తెచ్చింది. మాతృసంస్థకు చెందిన కంపెనీలతో సమాచారం పంచుకోవడానికి ఒప్పుకోవాలని కోరింది. లక్షలమంది సిగ్నల్, టెలిగ్రామ్ దించుకున్నారు. కానీ అపార్ట్‌మెంట్ కమిటీ వాట్సాప్‌లోనే ఉంది. పిల్లల బడి హోంవర్కు, పాల లెక్క, అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్ అన్నీ అక్కడే ఉన్నాయి. నలుగురూ ఒకేసారి కదిలితే తప్ప ఒక్కరు కదిలి లాభం లేదు. చాలామంది కదలలేకపోయారు. ‘ఒప్పుకో లేదా వెళ్లిపో’ అనే ఆ పద్ధతి తప్పని సీసీఐ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఏడాది తర్వాత ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను సమర్థించింది.

అదే 2025 నవంబరులో అమెరికా కోర్టు మాత్రం మెటా పక్షాన తీర్పిచ్చింది. టిక్‌టాక్, యూట్యూబ్‌ల నుంచి గట్టి పోటీ ఉన్నందున మెటాకు ఇప్పుడు గుత్తాధిపత్యం ఉందని చెప్పలేమన్నది ఆ తీర్పు సారాంశం. భారత పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. 2020 జూన్ నుంచి మన దేశంలో టిక్‌టాక్ లేదు. అమెరికా కోర్టును ఒప్పించిన పోటీదారుల్లో ముఖ్యుడు ఇక్కడి బరిలోనే లేడు.

ఉచితానికి వెల

సెర్చ్ ఉచితం, మ్యాప్స్ ఉచితం, వాట్సాప్ ఉచితం. అయినా గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2024 ఆదాయం 35,000 కోట్ల డాలర్లు. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రకటనల మీద వచ్చిందే. మెటా ఆదాయం 16,450 కోట్ల డాలర్లు. అందులో ప్రకటనల వాటా నూటికి 97కు పైనే. పేజీ తెరుచుకునే రెప్పపాటులో ఆ చూసే మనిషి ఎవరు, వయసెంత, ఏ ఊరు, నిన్న ఏం వెతికారు అన్న అంచనాలతో ప్రకటన చోటుకు వేలం జరిగిపోతుంది. ఈ వేలంలో అమ్మేవారి తరఫు దళారి, కొనేవారి తరఫు దళారి, వేలం నడిపే సంస్థ మూడూ గూగుల్‌వే కావడం న్యాయస్థానాల దృష్టికి వచ్చింది. ప్రకటనల సాంకేతికతలోనూ గూగుల్ అక్రమ గుత్తాధిపత్యం సాగించిందని అమెరికా న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్‌లో తేల్చారు.

ఈ మార్పు తెలుగు పత్రికలనూ తాకింది. ఆషాఢం డిస్కౌంట్లు, కొత్త కోచింగ్ బ్యాచ్‌లు, ప్లాట్ల వెంచర్లు ఒకప్పుడు జిల్లా పేజీల్లో ప్రకటనలుగా వచ్చేవి. ఆ డబ్బుతో జిల్లా విలేకరి జీతం నడిచేది. ఇప్పుడు ఆ ప్రకటనల్లో పెద్ద భాగం ఫోన్ తెర మీదికి వెళ్లింది. విలేకరి రాసిన వార్త తెర మీద కనిపించాలా వద్దా అన్నది కూడా అక్కడి లెక్కల మీదే ఆధారపడింది. వార్తల వల్ల వచ్చే ప్రకటన ఆదాయంలో తమకు న్యాయమైన వాటా రావడంలేదని డిజిటల్ వార్తా సంస్థల సంఘం ఫిర్యాదు చేయగా, సీసీఐ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది.

సేకరించిన సమాచారం దారి తప్పితే ఏమవుతుందో 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం చూపించింది. 8.7 కోట్లమంది ఫేస్‌బుక్ వివరాలు ఒక రాజకీయ సలహా సంస్థకు చేరి ఉండవచ్చని ఫేస్‌బుక్ స్వయంగా ఒప్పుకుంది. అందులో భారతీయులు దాదాపు 5.62 లక్షలు. మరుసటి ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఇక్కడ మేలు కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ వీడియోలతో గంగవ్వ తెలుగువారందరికీ తెలిసింది. ఏ స్టూడియో మెట్లూ ఎక్కకుండా, సొంత యాసలో మాట్లాడుతూ, పొలం గట్టు మీద నుంచే. యూట్యూబ్ లేకుంటే అది సాధ్యమయ్యేది కాదు. మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో తీసినవారికి 55 శాతం, యూట్యూబ్‌కు 45 శాతం దక్కుతాయి. సంత పెట్టినవారికి ఆశీలు తీసుకునే హక్కు ఉంది. అయితే ఆ రేటును రేపు మార్చినా, వీడియోను జనానికి చూపించడం తగ్గించినా అడగడానికి పంచాయతీ ఆఫీసు లేదు. చిక్కంతా అక్కడే.

సంత యజమానే అంగడి పెడితే

అమెజాన్‌లో లక్షలమంది చిన్న వ్యాపారులు సరుకు అమ్ముతారు. ఏ వస్తువు ఎంత ధరకు, ఏ ఊరికి, ఎంత వేగంగా పోతోందో అమెజాన్‌కు తెలుస్తుంది. అదే అమెజాన్‌కు సొంత బ్రాండ్లూ ఉన్నాయి. ఇతర అమ్మకందారుల లెక్కలు చూసి తన సరుకును తీర్చుకుంటోందని ఐరోపా కమిషన్ ఆక్షేపించింది. ఆ సమాచారాన్ని సొంత అమ్మకాలకు వాడబోనని అమెజాన్ 2022 డిసెంబరులో చట్టబద్ధమైన హామీ ఇచ్చింది. భారత్‌లో కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదులపై 2020 జనవరిలో సీసీఐ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింటి మీదా విచారణకు ఆదేశించింది.

యాప్‌ల సంతలోనూ ఆశీలు తక్కువేమీ కాదు. యాపిల్, గూగుల్ స్టోర్లలో యాప్ లోపల జరిగే డిజిటల్ కొనుగోళ్ల మీద 15 నుంచి 30 శాతం వరకు కమిషన్ తీసుకోవడం ఆనవాయితీ అయింది. బిల్లింగ్ విధానంపై సీసీఐ 2022 అక్టోబరులోనే గూగుల్‌కు మరో 936.44 కోట్ల రూపాయల జరిమానా వేయగా, 2025 మార్చిలో ట్రిబ్యునల్ దాన్ని సుమారు 216 కోట్లకు తగ్గించింది. ఈ మధ్యలో 2024 మార్చి 1న ఒక ఘటన జరిగింది. ఫీజు కట్టలేదంటూ గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ, 99 ఏకర్స్ వంటి పేరున్నవి ఒక్క పూటలో మాయమయ్యాయి. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగి వచ్చాయి. ఫీజు న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న. ఏళ్ల తరబడి కట్టుకున్న వ్యాపారాన్ని సంత యజమాని ఒక్క మాటతో ఖాళీ చేయించగలగడం అంతకన్నా పెద్ద ప్రశ్న.

మీట వారి చేతిలో

2024 జులై 19 ఉదయం శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికుల చేతికి బాల్ పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు అందాయి. పేరు, విమానం నంబరు, సీటు నంబరు సిబ్బంది చేత్తో నింపి ఇచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఎవరూ దాడి చేయలేదు. అందరూ ఒకే వ్యవస్థ మీద కూర్చున్నందున ఒక్కచోట జరిగిన పొరపాటు విమానాలను, బ్యాంకులను, ఆస్పత్రులను ఒకేసారి తాకింది.

క్లౌడ్ సేవల్లోనూ ఇదే పరిస్థితి. సంస్థలు సొంత కంప్యూటర్లు కొనే బదులు పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో చోటు అద్దెకు తీసుకోవడమే క్లౌడ్. ఈ వ్యాపారంలో ప్రపంచవ్యాప్తంగా నూటికి అరవై పాళ్లకు పైగా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మూడింటిదే. 2025 అక్టోబరు 20న అమెరికాలోని ఒక అమెజాన్ క్లౌడ్ కేంద్రంలో లోపం తలెత్తితే ఖండాల అవతల ఉన్న యాప్‌లు కూడా పనిచేయలేదు.

పొరపాటున ఆగిపోవడం ఒక ఎత్తు, కావాలని ఆపడం మరో ఎత్తు. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య నయారాపై ఆంక్షలు విధించగానే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్ తదితర సేవలు నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, ఆ నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. భారతదేశంలో చట్టబద్ధంగా నడిచే కంపెనీ, రుసుము చెల్లించి వాడుకుంటున్న సేవ, అయినా మీట వేరే ఖండంలో ఉంది.

ప్రభుత్వాలకూ ఈ అనుభవం తప్పలేదు. వార్తలు వాడుకున్నందుకు టెక్ కంపెనీలు పత్రికలకు డబ్బు చెల్లించాలని ఆస్ట్రేలియా చట్టం తెస్తున్నప్పుడు, 2021 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఆ దేశంలో వార్తలన్నీ ఆపేసింది. వాటితోపాటు ఆరోగ్య శాఖల, అత్యవసర సేవల పేజీలు కూడా కొంతసేపు కనిపించకుండా పోయాయి. అప్పుడు కరోనా కాలం. చర్చల తర్వాత చట్టంలో సవరణలు జరిగాయి, వార్తలు తిరిగి వచ్చాయి.

తెలుగు నేల మీద

ఈ కంపెనీలతో తెలుగువారి బంధం వినియోగదారు బంధం దగ్గర ఆగలేదు. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం ప్రారంభించింది. హైదరాబాద్‌లో పుట్టి చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి అధిపతి అయ్యారు. నానక్‌రామ్‌గూడలో 2019 ఆగస్టులో తెరిచిన అమెజాన్ క్యాంపస్ 15,000 మంది పనిచేసేందుకు వీలుగా కట్టినది. అమెరికాలోని సియాటిల్, బే ఏరియాల్లో వేలాది తెలుగు కుటుంబాల జీవనం ఈ కంపెనీల మీదే నడుస్తోంది. కొలువు ఇచ్చేవారూ, సంత నడిపేవారూ ఒకరే కావడంతో ఈ చర్చ తెలుగిళ్లలో కాస్త మొహమాటంగానే సాగుతుంది.

తాజా ఘట్టం విశాఖపట్నం. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో అక్కడ కృత్రిమ మేధ డేటా సెంటర్ నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. సముద్రగర్భ కేబుళ్లు విశాఖ తీరానికి చేరతాయి. దీని స్థాయి గిగావాట్లలో ఉంటుంది. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే ఆ కేంద్రం సామర్థ్యంలో సగం ఒక్క గిగావాట్‌కే సరిపోతుంది. ఇంత పెట్టుబడి రావడం రాష్ట్రానికి పెద్ద అవకాశం. యంత్రాలను చల్లబరచడానికి నీరు ఎంత పడుతుంది, విద్యుత్తు ఎక్కడి నుంచి ఏ ధరకు వస్తుంది, నిర్మాణం పూర్తయ్యాక శాశ్వతంగా మిగిలే ఉద్యోగాలు ఎన్ని అన్నవి భూములిచ్చే గ్రామాలకు ముందే తెలియాల్సిన లెక్కలు. వాటిని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

పగ్గాలు వేసిన చరిత్ర

ప్రైవేటు పెత్తనానికి పగ్గాలు వేయడం కొత్తేమీ కాదు. అమెరికా 1890లోనే షెర్మన్ చట్టం చేసింది. దాని కింద 1911లో రాక్‌ఫెల్లర్ స్థాపించిన స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టారు. 1984లో టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీ నుంచి ఏడు ప్రాంతీయ కంపెనీలు విడిపోయాయి. 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్‌ను రెండుగా చీల్చాలని ఒక న్యాయమూర్తి ఆదేశించగా, మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు గూగుల్ సెర్చ్ కేసులోనూ కోర్టు విడగొట్టడం దాకా వెళ్లలేదు. క్రోమ్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ వాదనను 2025 సెప్టెంబరులో న్యాయమూర్తి మెహతా తోసిపుచ్చారు. తన సెర్చ్ మాత్రమే ఉండాలనే ఒప్పందాలు చేసుకోవద్దని, కొంత సెర్చ్ సమాచారాన్ని పోటీదారులకు ఇవ్వాలని ఆదేశించారు.

కేసుల దారి చాలా పొడవైనది. ఒక తీర్పు వచ్చేసరికి మార్కెట్ రూపమే మారిపోతుంది. అందుకే ఐరోపా సమాఖ్య ముందే నియమాలు పెట్టే మార్గం ఎంచుకుంది. డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ కింద 2023 సెప్టెంబరులో ఆరు కంపెనీలను ‘ద్వారపాలకులు’గా గుర్తించింది. ఆ ఐదు అమెరికన్ కంపెనీలతోపాటు టిక్‌టాక్ యజమాని బైట్‌డ్యాన్స్ ఆరోది. ఈ చట్టం ప్రకారం అవి సొంత సరుకును ముందు పెట్టుకోకూడదు, వినియోగదారులకు ఎంపిక చూపాలి, వాట్సాప్ వంటివి ఇతర మెసేజ్ యాప్‌లతో కలవడానికి దారి ఇవ్వాలి. ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం వరకు జరిమానా. 2025 ఏప్రిల్‌లో ఈ చట్టం కిందే యాపిల్‌కు 50 కోట్ల యూరోలు, మెటాకు 20 కోట్ల యూరోలు పడ్డాయి.

భారత్‌లో ఇలాంటి డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటకు వచ్చినా చట్టం కావడంలో జాప్యం జరుగుతోంది. చిన్న కంపెనీలను పెద్దవి మింగేయడంపై మాత్రం ఒక అడుగు పడింది. 2024 సెప్టెంబరు నుంచి, భారత్‌లో గణనీయ వ్యాపారం ఉన్న సంస్థను 2,000 కోట్ల రూపాయలకు మించి కొంటే సీసీఐ అనుమతి తప్పనిసరి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. దాని వెనుక 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు వెలువడటానికి 2025 నవంబరు దాకా పట్టింది. ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

దారి ఊరిది, అంగడి ఎవరిదైనా

భారతీయులకు ఈ విషయంలో సొంత అనుభవం ఉంది. 2015లో ఫేస్‌బుక్ ఇక్కడ ఒక టెలికాం కంపెనీతో కలిసి ఉచిత ఇంటర్నెట్ పథకం తెచ్చింది. మొదట మొదలుపెట్టిన చోట్లలో తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. తరువాత ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చిన ఆ పథకంలో, ఎంపిక చేసిన కొన్ని సైట్లే ఉచితం. ఎవరి అంగడికి దారి తెరవాలో ఒక కంపెనీ నిర్ణయించడం సరికాదని దేశమంతటా లక్షలమంది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాశారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి పథకాలను నిషేధించింది. ఆ తర్వాత కొద్ది నెలలకే డేటా ధరలు నేలకు దిగాయి. పేదలకు ఇంటర్నెట్ అందడానికి దారిని ఒకరి చేతిలో పెట్టనక్కర్లేదని తేలింది.

మొబైల్ నంబరు మరో ఉదాహరణ. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలొచ్చింది. అంతకుముందు చుట్టాలందరికీ కొత్త నంబరు చెప్పుకోవాలన్న భయంతోనే చాలామంది నచ్చని కంపెనీలో ఉండిపోయేవారు. వాట్సాప్ వదలలేకపోవడానికీ, పాత రోజుల్లో సిమ్ మార్చలేకపోవడానికీ కారణం ఒకటే. చట్టం నంబరును కంపెనీ నుంచి విడదీసింది. పరిచయాలనూ సంభాషణలనూ అలాగే విడదీయవచ్చు.

అన్నిటికన్నా గట్టి రుజువు 2016లో మొదలైన యూపీఐ. 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. మిరపకాయ బజ్జీల బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఒక కంపెనీది, స్కాన్ చేసే యాప్ ఇంకో కంపెనీది, డబ్బు వెళ్లేది వేరొక బ్యాంకు ఖాతాకు. అయినా పది రూపాయలు క్షణంలో చేరతాయి. ఎందుకంటే దారిని నడిపేది బ్యాంకులు కలిసి ఏర్పరచుకున్న ఎన్‌పీసీఐ, దాని మీద అంగళ్లు మాత్రమే ప్రైవేటువి. ఇక్కడా వాల్‌మార్ట్ చేతిలోని ఫోన్‌పే, గూగుల్ పే కలిసి నూటికి ఎనభైకి పైగా లావాదేవీలు పట్టేశాయి. ఏ యాప్‌కూ 30 శాతానికి మించి ఉండరాదన్న నియమం 2020లోనే ప్రకటించినా, అమలు గడువు జరుగుతూ 2026 డిసెంబరుకు చేరింది. అయినప్పటికీ రేపు ఏ యాప్ అయినా రుసుము వేస్తే, బజ్జీల బండి యజమాని సాయంత్రానికల్లా ఇంకొకటి దించుకోగలడు. వాట్సాప్‌లో, ప్లే స్టోర్‌లో లేని ఆ వీలు యూపీఐలో ఉండటానికి కారణం దారి ఎవరి సొంతం కాకపోవడమే.

పెద్ద కంపెనీలు ఇచ్చిన సౌకర్యాలను వదులుకోమని ఎవరూ కోరడం లేదు. సంత కావాలి, సంత నడిపేవారికి కూలీ దక్కాలి. ప్రపంచ దేశాల చట్టాలు కోరుతున్నవి చివరికి ఊరి సంతలో ఎప్పటి నుంచో ఉన్నవే: రేటు అందరికీ తెలిసేలా ఉండాలి, యజమాని సరుకుకూ రైతు సరుకుకూ ఒకే న్యాయం ఉండాలి, నచ్చకపోతే గంప ఎత్తుకుని మరో సంతకు వెళ్లగలగాలి, అన్యాయం జరిగితే అడగడానికి ఒక ఆఫీసు ఉండాలి.